నిజంబిళ్ళ

ఆ రోజుల్లో అనంతపురంలో సీమంతం, గృహప్రవేశం లాగే 'తొలిచూపు' అని ఇంకో వేడుక ఉండేది. చూపు పోయినవాళ్ళ కంట్లో కృత్రిమ నేత్రపటలం అమర్చాక, కట్టు విప్పేనాడు చుట్టాలందరూ కొత్తబట్టలు కట్టుకుని ఊరి చివర దృష్టికేంద్రానికి వచ్చేవాళ్ళు. ఎవరి ముఖం మొదట చూపించాలన్న దానిమీద ఇళ్ళల్లో తగువులయ్యేవి. కట్టు విప్పగానే మొగుడు తనకంటే ముందు మేనకోడలివైపు చూశాడని ఒకావిడ నెలల తరబడి అలిగి కూర్చుందట. 2079 నాటికి మనుషులు చంద్రుడిమీద గనులు తవ్వుతున్నారు గానీ, ఇలాంటి అలకలకి మాత్రం ఎవరూ మందు కనిపెట్టలేదు.

పేర్లు కూడా తిరగబడ్డాయి. లక్షిత, హాసిని, జశ్విత లాంటివి అప్పటికి ముసలివాళ్ళ పేర్లు. కుర్రకారు మళ్ళీ ముత్తాతల పేర్లు వెతుక్కుని మరీ పెట్టించుకున్న తరం. అందుకే ఆ కేంద్రంలో పేరున్న శాస్త్రవేత్త డాక్టర్ సుంకమ్మ, ఆమె దగ్గర చేరిన అవ్వ పేరు లక్షితమ్మ. యాస మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ముందు ఆ కృత్రిమ నేత్రపటలం సంగతి చెప్పాలి. దాన్ని అందరూ 'చూపుపొర' అనేవాళ్ళు. ఉల్లిపొర కన్నా పలచన. కంటి వెనక గోడకి అంటించి ఉంటుంది. పడిన వెలుగుని సన్నటి విద్యుత్తు తాకిళ్ళుగా మార్చి, అక్కడ ఇంకా బతికి ఉన్న నాడీకణాలకి అందిస్తుంది. ఆ కణాలు దృష్టినాడి వెంట మెదడుకి కబురు పంపుతాయి. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ కబురు సరిగ్గా అందుతోందా లేదా అన్నది తెలుసుకోవడమే పెద్ద తలనొప్పి అయింది.

అందులో తలనొప్పి ఏముంది, మనిషిని అడిగితే సరిపోదా అనిపిస్తుంది. మొదట్లో అలాగే అడిగారు. "పెద్దాయనా, కనపడుతోందా?" అని డాక్టరు అడుగుతుంది. చుట్టూ కొడుకులు, కోడళ్ళు, మనవలు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు. ఇంతమంది ఇంత ఆశ పెట్టుకుంటే, ఆ డాక్టరు పిల్ల నిద్రాహారాలు మాని కష్టపడితే, కనపడలేదని చెప్పడానికి పెద్దాయనకి నోరెలా వస్తుంది? "కనపడతాంది మా, బ్రహ్మాండంగా కనపడతాంది" అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు, స్వీట్లు పంచుతారు.

మొదటిరకం పొరలు అమర్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఏమీ కనపడలేదు. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తాడిపత్రి రోడ్డులో ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవాడు. కళ్ళొచ్చాయి కదా అని ఇంట్లోవాళ్ళు ఆయన వెంట వెళ్ళడం మానేశారు. ఒకనాడు రోడ్డు దాటుతూ బస్సు కింద పడ్డాడు. ఆ పొద్దున కూడా బయల్దేరేముందు "నీ చీర రంగు బాగుందమ్మా" అని కోడలితో చెప్పి వెళ్ళాడట. విచారణలో తేలిందేమిటంటే, ఆయన కంట్లోని పొర ఒక్కరోజు కూడా పనిచేయలేదు. మొహమాటం మనిషిని చంపగలదని ఆ ఊరికి అప్పుడు తెలిసింది.

సుంకమ్మ ఆ మాస్టారి దగ్గర చదువుకున్న పిల్ల. ఏడ్చి ఊరుకోలేదు. మనిషి నోటితో పనిలేకుండా పొరని పరీక్షించే దారి వెతికింది. అలా పుట్టిందే సెన్సర్ చిప్. కంది బద్దంత ఉండే ఆ చిప్పులో వేలకొద్దీ సూక్ష్మ గ్రాహకాలుంటాయి. మొదట ప్రయోగశాలలో పరీక్ష. రోగి చర్మకణాల నుంచి గాజుపాత్రలో చిన్న నేత్రపటలం ముక్క పెంచుతారు. దానికి ఒకవైపు చూపుపొర, రెండోవైపు ఈ చిప్ పెడతారు. పొరమీద ఒక బొమ్మ వెలుగు పడితే, మధ్యలో ఉన్న కణాల్లో ఏది ఉలిక్కిపడిందో, ఎంత ఉలిక్కిపడిందో చిప్ అవతలినుంచి వింటుంది. ఆ విన్నదాన్నంతా కంప్యూటరు మళ్ళీ బొమ్మగా కూర్చి గోడమీద చూపిస్తుంది. వేసిన బొమ్మా వచ్చిన బొమ్మా ఒకటైతే పొర మంచిదన్నమాట. ఆ తర్వాత పొరతో పాటు చిప్‌ని కూడా కంట్లో అమర్చి, పరీక్షలు ముగిసేదాకా ఉంచుతారు. అంటే ఆ మనిషి నాడిలోకి ఏ దృశ్యం పోతోందో గదిలో గోడమీద చూడవచ్చు.

దానికి శాస్త్రంలో పొడుగాటి పేరొకటి ఉంది. జనం మాత్రం 'నిజంబిళ్ళ' అన్నారు. సుంకమ్మ దానితో పాటే ఒక నియమం కూడా పెట్టింది. పరీక్షలో రోగి నోటిమాట లెక్కలోకి రాదు, బిళ్ళ చెప్పిందే లెక్క. ఆ నియమం వచ్చాక అలా రోడ్డుమీద ఎవరూ చనిపోలేదు.

*

నాలుగోరకం చూపుపొర తయారైనప్పుడు దాన్ని మొట్టమొదట అమర్చుకోవడానికి ఒప్పుకున్నది లక్షితమ్మ. ధర్మవరం బస్టాండు దగ్గర చాలా ఏళ్ళు టిఫిన్ కొట్టు నడిపిన మనిషి. ఆమె చేసే బొరుగుల ఉగ్గాని కోసం డ్రైవర్లు బస్సులు ఆపేవాళ్ళట. జబ్బు చేసి రెండు కళ్ళూ పోయాక కొట్టు మూసేసింది. ఈ పొర ఆమె కంట్లో పనిచేస్తే, పుట్టుకతో చూపు లేని పిల్లలకి అమర్చడానికి అనుమతి వస్తుంది. ఆ పిల్లల తల్లులు రోజూ కేంద్రం గేటు దగ్గరకి వచ్చి "అవ్వకి ఎట్లుంది?" అని అడిగి పోతుండేవాళ్ళు.

తొలిచూపు వేడుకకి ముందు, చుట్టాలెవరూ లేకుండా ఒక పరీక్ష ఉంటుంది. ఆ పొద్దున సుంకమ్మ కట్టు విప్పింది. ఎదురుగా బల్లమీద ఒక ఎర్రటి చెంబు, పక్కన అరటిపండు పెట్టింది. కొద్దిసేపటికి గోడమీద ఎర్రటి చెంబు, అరటిపండు తేటగా వచ్చాయి. పండుమీది నల్లమచ్చ కూడా కనిపించింది. అంతకుముందు ఏ పొరా అంత తేటగా చూపించలేదు. సుంకమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అవ్వా, ఏం కనపడుతోంది?" అంది, లెక్కలోకి రాదని తెలిసినా ముచ్చటకొద్దీ.

"ఏం కనపడలే మా."

"ఏమీ లేదా? మసకగానైనా?"

"అంతా చీకటి. నీ గొంతు వినపడతాంది, అంతే. ఏమనుకోవద్దు మా, నీ కష్టమంతా బూడిదలో పోసినట్లాయ."

సుంకమ్మకి అర్థం కాలేదు. గోడమీద చెంబు కనపడుతూనే ఉంది. లక్షితమ్మని పడుకోబెట్టి, పక్కగదిలో ఉన్న పరీక్షాయంత్రం దగ్గరకి వెళ్ళింది. బిళ్ళలు పంపే సంకేతాలన్నీ చదివి బొమ్మగా కూర్చేది అదే. అందరికీ మార్కులు వేస్తుంది కాబట్టి కేంద్రంలో వాళ్ళు దాన్ని 'పంతులు' అని పిలిచేవాళ్ళు. అది మాట్లాడుతుంది కూడా.

"పంతులూ, లక్షితమ్మ పొర ఎలా ఉంది?"

"ఇంతవరకూ నేను చూసినవాటిలో ఇదే మంచిది."

"ఆమె కనపడలేదంటోంది. బిళ్ళ దాటాక, నాడిలో ఎక్కడైనా తెగిందేమో?"

"మీరు ముఖం దగ్గర చెయ్యి ఆడించినప్పుడు ఆమె రెప్ప వేసింది. అరటిపండుని పక్కకి జరిపినప్పుడు కనుగుడ్డు పండు వెంట కదిలింది. మెదడు చూస్తోంది. కనపడనిదాన్ని కనపడుతోందని మనుషులు ఎందుకంటారో మీరు నాకు నేర్పారు. కనపడేదాన్ని కనపడలేదని ఎందుకంటారో నేర్పలేదు."

"నాకు తెలిస్తే కదా నీకు నేర్పడానికి" అంది సుంకమ్మ.

పొర పాసయిందని రాయడానికి అడ్డేమీ లేదు. నియమం ప్రకారం నోటిమాట లెక్కలోకి రాదు. కానీ మాస్టారి ముఖం గుర్తొస్తుంటే ఆమెకి చెయ్యాడలేదు. ఒకప్పుడు మనిషి మాట నమ్మి మోసపోయాం, ఇప్పుడు బిళ్ళ మాట నమ్మి మోసపోతున్నామేమోనని భయం పట్టుకుంది. ఇంకో రోజు చూద్దామనుకుంది.

*

సాయంత్రాలు లక్షితమ్మ దగ్గరకి ఆమె కొడుకులు వస్తారు. ఆ సంగతి ఆమే గొప్పగా చెప్పుకునేది. "పెద్దోడు ఓబులేసు, చిన్నోడు తిమ్మరాజు. పెద్దోడు నోట్లో నాలుక లేనోడు. చిన్నోడు నోరు మూస్తే కదా!" చేర్పించిన రోజున సుంకమ్మ పెద్దవాణ్ణి చూసింది. నలభై ఏళ్ళవాడు, తలంతా అప్పుడే నెరిసింది, నేలచూపులు చూస్తూ మాట్లాడతాడు. చిన్నవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం అయ్యేసరికి ఆమె ఇంటికి పోతుంది కదా.

ఆరోజు పోలేదు. కొడుకుల ముఖాలు చూసినప్పుడైనా ఆ ముసలామె కళ్ళలో ఏదైనా తేడా వస్తుందేమో చూద్దామని ఉండిపోయింది. పక్కగదిలో కూర్చుని అక్కడి గోడ వెలిగించింది. చుట్టాలు వచ్చినప్పుడు గోడ వెలిగించకూడదు. అయినా వెలిగించింది.

గోడమీద లక్షితమ్మ చూస్తున్న తలుపు కనిపించింది. తలుపు తెరుచుకుంది. ఓబులేసు ఒక్కడే లోపలికి వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"మా, ఎట్లుండావు?" అన్నాడు నెమ్మదిగా. మాటలు గోడ అవతలినుంచి వినపడుతున్నాయి. వచ్చి మంచం పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.

"బాగుండా. చిన్నోడు రాలేదా?"

"బండి పెట్టి వస్తాండాడు."

ఓబులేసు చప్పుడు కాకుండా లేచాడు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో తలుపు దాకా నడిచాడు. అక్కడ చెప్పులు మళ్ళీ వేసుకుని, తలుపు చెక్కమీద వేళ్ళతో దరువేసి, టకటకమని లోపలికి వచ్చాడు.

"ఏం ముసల్దానా, ఇంకా చూపు రాలేదా నీకు? నా మొగం చూస్తే భయపడి మళ్ళీ కళ్ళు మూసుకుంటావులే!"

గొంతు మారిపోయింది. వేగం వేరు, వరస వేరు. కిటికీ దగ్గర, కాస్త దూరంగా ఉన్న రెండో కుర్చీలో కూలబడ్డాడు.

సుంకమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. గోడమీద ఉన్నది ఒక్క మనిషే. ఆ మనిషి ఈ కుర్చీలోనుంచి ఆ కుర్చీలోకి, ఆ కుర్చీలోనుంచి ఈ కుర్చీలోకి మారుతున్నాడు. తమ్ముడై అన్నని వెక్కిరిస్తున్నాడు, అన్న అయి తమ్ముణ్ణి కసురుతున్నాడు. ఉగ్గానిలో ఉప్పెక్కువైందని తమ్ముడు గొడవపెడితే, నువ్వే వండుకోపోరా అని అన్న జవాబిచ్చాడు. తల్లి నవ్వుతోంది. ఆ తల్లి కళ్ళు ఒక్కణ్ణే చూస్తున్నాయి. ఆ చూసేది గోడమీద పడుతోంది.

"ముఖాల లెక్కా గొంతుల లెక్కా కుదరటం లేదు" అంది యంత్రం. "రెండోవాడి సంగతి వెతకనా?"

"వద్దు" అంది సుంకమ్మ. గోడ ఆర్పేసింది.

*

మరునాడు పొద్దున సుంకమ్మ లక్షితమ్మ మంచం దగ్గర కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ముసలామే అడిగింది.

"నిన్న సాయంత్రం నీ అడుగులు పక్కగదిలోనే ఆగినాయి. చూసినావా మా, గోడమీద?"

"చూసినా అవ్వా. తప్పే. నన్ను క్షమించు."

"తప్పేముంది. నీ పని నువ్వు చేసినావు." లక్షితమ్మ తిన్నగా సుంకమ్మ ముఖంలోకి చూసింది. ఇక దాచుకోలేదు. "చిన్నోడు పోయి మూడేండ్లాయ. కొండమీద గాలిమర రిపేరుకని ఎక్కి పడినాడు. అప్పటికే కళ్ళు పోయి, గుండె కూడా బాగలేక ఆస్పత్రిలో ఉండా. చెప్తే నేనూ పోతానేమోనని పెద్దోడు చెప్పలేదు. ఇంటికి తీసుకొచ్చినాక, చిన్నోడేడిరా అని అడిగినా. వాడు మాట్లాడలేదు. కాసేపుండి, 'వచ్చినా మా' అని చిన్నోడి గొంతు వినపడె."

"అది నమ్మినావా?"

"యాడ నమ్మేది? అడుగుల చప్పుడు తెల్దా నాకు? పెద్దోడు మడమ తొక్కి నడుస్తాడు. చిన్నోడి గొంతు, పెద్దోడి కాళ్ళు. అప్పుడే తెలిసిపాయ, నా బిడ్డ ల్యాడని. ఆ రాత్రి దుప్పట్లో నోరు కుక్కుకుని ఏడ్చినా. తెల్లారి వాడు చెప్తాడేమో అనుకున్నా. వాడు చెప్పలా. నేనడగలా. అట్లనే జరిగిపోతాంది."

"మరి ఇప్పుడు చెప్పొచ్చు కదా అవ్వా. చూపొచ్చిందని చెప్తే సరిపోతుంది. ఆయనకీ బరువు దిగుతుంది."

లక్షితమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేనూ అట్లనే అనుకున్నా. నీ దగ్గరికి వచ్చిందే అందుకు. చూపొస్తే, వాడు చెప్పకున్నా, నేనడగకున్నా, ఆ నాటకం ఆగిపోతాది కదా అని. కానీ మొన్న నువ్వు కట్టు విప్పి మందేసి, రాత్రిదాకా మళ్ళీ కట్టకుండా పోయినావు చూడు, ఆ సాయంత్రం వాళ్ళు వచ్చిరి. వాడు వచ్చె. నా కొడుకు ముసలోడైపోయినాడు మా. పెద్దోడుగా కూచున్నప్పుడు మొగంలో ప్రాణమే ల్యా. చిన్నోడుగా మాట్లాడినప్పుడు మాత్రం నగుతాడు. పండ్లన్నీ కనపడేట్లు నగుతాడు. వాడి తమ్ముడు నగినట్లే. నాకు చూపొచ్చిందని చెప్పిన్నాడే ఆ నగు పోతాది. ఇంక ఏ సాకుతో నగుతాడు వాడు?"

సుంకమ్మకి ఏడుపు ఆగలేదు. ముసలామే ఆమె కన్నీళ్ళు తుడిచింది, చేత్తో తడుముకోకుండా, నేరుగా చెంపమీద.

"చిన్నపిల్లవే మా నువ్వు. గొంతు విని పెద్దదానివనుకుంటి."

"అయితే ఎవరికీ చెప్పొద్దులే అవ్వా. చూపు ఉంచుకో. కనపడనట్లే ఉండు."

"ఉండలేను. గుడ్డిదాన్ని కాబట్టి ఇన్నేండ్లు నడిపించినా. కళ్ళుంటే నాకు నటన రాదు. నిన్న వాడు చెమట తుడుచుకుంటాంటే కొంగు అందియ్యబోయినా. ఇంకో నాలుగు దినాలు పోతే వాడే కనిపెట్టేస్తాడు. అందుకే తీసేయి మా. ఆ పిల్లోల్లకి ఏం ఇబ్బంది రాకూడదు. పొర మంచిదని రాసుకో. నీ బిళ్ళ నిజమే చెప్తాంది కదా, అదే పంపియ్యి. నా కొడుక్కి మాత్రం నా మాట చెప్పు."

పొరని తీయనక్కర్లేదు. విద్యుత్తు ఆపేస్తే చాలు. కానీ ఒకసారి ఆపితే నాడి దాన్ని మళ్ళీ దగ్గరకి రానివ్వదు. సుంకమ్మ ఆ సంగతి వివరంగా చెప్పింది. కొత్త పొర పెట్టినా ఆ కన్ను ఒప్పుకోదని, రెండో కంట్లో నాడే చచ్చిపోయిందని, ఇంక ఎప్పటికీ చూపు రాదని చెప్పింది. లక్షితమ్మ అంతా విని, సరే అంది.

"నాకు వాడొక్కడున్నా చాలు మా. నిజం. కానీ ఆ మాట వాడితో ఎట్లనేది? అంటే చిన్నోణ్ణి మర్చిపోయినట్లుంటాది. ఈ పొద్దు సాయంత్రం ఒక్కసారి వాణ్ణి కడుపునిండా చూసుకుంటా. రేపు ఆపెయ్యి."

*

ఆ సాయంత్రం సుంకమ్మ గోడ వెలిగించలేదు. వరండాలో బెంచీమీద కూర్చుంది. లోపలినుంచి రెండు గొంతులు, మధ్యమధ్య ముసలామె నవ్వు వినిపిస్తున్నాయి. చాలాసేపటికి ఓబులేసు బయటికి వచ్చాడు. ఆమెని చూసి ఆగాడు. వరండాలో ఎవరూ లేరు. పక్కన కూర్చున్నాడు, నేలవైపే చూస్తూ.

"డాక్టరమ్మా, అమ్మకి చూపొచ్చింది కదా?"

సుంకమ్మ ఉలిక్కిపడింది.

"నాకు తెలుసులెండి. నిన్న నేను రెండో కుర్చీలో కూచోకముందే అమ్మ ఆ తట్టు చూసింది. నా గొంతు అటు పోకముందే అమ్మ కళ్ళు అటు పోయినాయి. చూసింది నన్ను. వాడు ల్యాడని అమ్మకి తెలిసిపాయ." అతను అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "తెలిసికూడా ఏమీ అనలా. 'చిన్నోడా, నీళ్ళు తాగురా' అనె. అప్పుడర్థమాయ నాకు. అమ్మకి వాడు కావల్ల. అబద్ధమైనా సరే, వాడు కావల్ల. నేనొక్కణ్ణే చాలను ఆయమ్మకి."

సుంకమ్మ అతనివైపు తిరిగింది.

"వాడంటే ప్రాణం అమ్మకి. చిన్నప్పటినుంచీ అంతే. నేనున్నా ఇల్లు చప్పగానే ఉండేది. వాడొస్తేనే సందడి. అందుకే కదా నేను..." మాట మింగేశాడు. "నాకు నగను కూడా రాదు డాక్టరమ్మా. వాడి మాటలు మాట్లాడేటప్పుడు అమ్మ కోసమని నగుతాను. ఇంటికి పోయినాక చానా అలుపొస్తాది. అయినా అమ్మకి కావాలంటే చేస్తా, ఉన్నన్నాళ్ళు. కనపడలేదని అమ్మ అంటే, కనపడలేదనే అనుకుందాం. ఆమె ఎట్ల చెప్తే అట్లనే చేయండి."

ఆమె దగ్గర ఒక మాట ఉంది. 'మీ అమ్మకి నువ్వొక్కడివే చాలు, ఈ పొద్దున తనే చెప్పింది.' అంతే. ఆ మాట ఒక్కటి అంటే రేపు ఆ కన్ను ఆరిపోదు. సుంకమ్మకి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. కానీ నమ్మి చెప్పుకున్న మాట ఎలా బయటపెట్టడం? తల్లీకొడుకుల మధ్య దూరడానికి తానెవరు? ఇంతకాలం దాచుకున్నది పరాయి మనిషి నోట వింటే అతను తల ఎక్కడ పెట్టుకోవాలి? ఎలాగో నోరు తెరిచింది.

"టీ తాగుతారా?" అంది.

"ఇప్పుడే తాగినా డాక్టరమ్మా. వస్తా" అని అతను లేచి వెళ్ళిపోయాడు. మడమలు తొక్కుకుంటూ వెళ్ళిన ఆ అడుగుల చప్పుడు మెట్లదాకా వినిపించింది. పిలవాలనుకుంది. మెట్లు దిగేదాకా అనుకుంటూనే ఉంది.

*

మరునాడు పొద్దున యంత్రం ఒప్పుకోలేదు.

"పొర బాగా పనిచేస్తోంది. ఆపమంటున్నారు. కారణం?"

"ఆమె అడిగింది."

"రోగి మాట లెక్కలోకి రాదని నియమం మీరే పెట్టారు."

"పెట్టాను పంతులూ. కానీ ఆ కన్ను ఆమెది. నేను ఆపుతాను, నువ్వు పక్కకి జరుగు."

లక్షితమ్మ దిండుకి ఆనుకుని కిటికీలోకి చూస్తోంది. ఎండ పడుతున్న కానుగచెట్టుని, దాని కింద ఎవరో పిల్లకి జడ వేస్తున్న తల్లిని చూసింది. తర్వాత సుంకమ్మవైపు తిరిగి "కానీ మా" అంది. గోడ వెలుగుతూనే ఉంది. దానిమీద సుంకమ్మకి తన ముఖమే కనిపించింది. ముక్కు ఎర్రబడి, కళ్ళు వాచి ఉన్న ముఖం. ఆ ముఖం చెయ్యి చాచి మీట నొక్కింది. గోడ నల్లబడింది.

నాలుగోరకం చూపుపొర పాసయిందని ఆరోజే అన్ని కేంద్రాలకీ కబురు వెళ్ళింది. గేటు దగ్గర పిల్లల తల్లులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఒకామె లోపలికి పరుగెత్తుకొచ్చి లక్షితమ్మ కాళ్ళు పట్టుకుంది. "నీ కళ్ళ చలవ అవ్వా" అంది. "బాగుండండి" అని లక్షితమ్మ గాలిలో చెయ్యి తడుముతూ ఆమె తల వెతికి పట్టుకుంది.

సాయంత్రం సుంకమ్మ ఇంటికి బయల్దేరింది. వరండా చివర లక్షితమ్మ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల తమ్ముడు అన్నని ఏడిపిస్తున్నాడు, అన్న విసుక్కుంటున్నాడు, తల్లి ఇద్దరినీ కలిపి తిడుతోంది. చప్పుడు చేయకుండా దాటిపోదామనుకుంది. కానీ ఓబులేసు కిటికీ దగ్గరున్న కుర్చీలోనుంచి ఆమెని చూశాడు. తమ్ముడి నవ్వు ఇంకా ముఖంమీద ఉంది. ఆ నవ్వు వెనకనుంచి బెదురుగా, వేడుకుంటున్నట్లు చూశాడు. లక్షితమ్మ కూడా అడుగులు విని తలుపువైపు తల తిప్పింది. ఆమె ముఖంలోనూ అదే బెదురు.

జనం నోటి అబద్ధాలు పట్టించడానికి నిజంబిళ్ళని కనిపెట్టిన డాక్టర్ సుంకమ్మ తలుపు దగ్గర నిలబడింది. గొంతు సవరించుకుంది.

"ఏం అవ్వా," అంది, "అన్నదమ్ములిద్దరూ వచ్చినారా?"

"వచ్చినాం డాక్టరమ్మా" అంది ఒక గొంతు.

"రాకుండా ఎట్లుంటాం!" అంది ఇంకో గొంతు.